మినారుకు నేను గచ్చు పెట్టిన ముచ్చట

"అవ్వా, మసీదు మినారు నువ్వు బాగుచేసినవట, నిజమేనా?"

ఎవలు చెప్పిండ్రే? మీ అమ్మనా? కాలేజీల రాయమన్నరా? రాసుకో మరి సబీహా, గని నడుమ నడుమ ఆ ఫోను చూడకు, నాకు మస్తు కోపమొస్తది.

గా మసీదు కుతుబ్‌షాహీల కాలం నాటిదంటరు. నాకు ఏండ్లు తెల్వయ్ బిడ్డా, గోడలు తెల్సు. ముందట ఐదు కమాన్లు, రెండు దిక్కుల మినార్లు, మిద్దె ఎత్తున మినారు మొదట్ల తామర రేకులు విచ్చుకున్నట్టు ఉంటయ్. అందరు రాయి అనుకుంటరు. రాయి గాదు, గచ్చు. సున్నం, ఇసుక గానుగల నూరి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి చేసింది. మా మామ గానుగ తిప్పెటోడు. కాదు కాదు, తిప్పింది ఎద్దు, మామ ఎనక నడిచెటోడు. నేను కిషన్‌బాగ్‌ల కోడలుగ అడుగుపెట్టిన మూడోనాడే చేతుల సున్నం పెట్టిండ్రు.

మా ఆయన గచ్చు మేస్త్రి. ఏటేటా వానల ముందు మసీదు పెద్దాయన పిలిస్తె పోయి పగుళ్ళు పూడ్చొచ్చెటోడు. ఆ పెద్దాయన కాలం చేసిండు, కొత్త కమిటీ వచ్చింది. ఇగ మొదలైంది నా తలనొప్పి.

సెక్రటరీ ఒకడు, పేరెందుకులే, మంచోడే గని మొండోడు, గోడలకు సిమెంటు పూయిస్తనన్నడు. మా ఆయన పోయి చెప్పిండు, "సాబ్, సున్నం గోడ వానకు తడుస్తది, ఎండకు ఆర్తది. మీద సిమెంటు పూస్తె లోపలి తేమ యాడికి పోవాలె?" అని. "చాచా, జమానా మారింది" అన్నడట. జమానా మారితె వాన మారిందా? చెప్పు! సిమెంటు పూసి, మీద ఆకుపచ్చ ఆయిల్ పెయింటు కొట్టిండ్రు.

సిమెంటు పూసినంక మూడో వానకాలం. పగటి నమాజుకు జనం హౌజు తొట్టి కాడ కాళ్ళు కడుక్కుంటున్నరు. మినారు రేకులు నాలుగు సిమెంటుతోని సహా ఊడి పడ్డయ్. ఒక ముసలాయన భుజం ఇరిగింది. పాపం, ఆయన నీకు ఎరుకే, గా అత్తరు దుకాణమాయన... కాదు, ఆయన తమ్ముడు.

గప్పుడు మా గల్లీ యాదికొచ్చింది సెక్రటరీకి. ఇంటికొచ్చి "చాచా, జర రావాలె" అన్నడు. మా ఆయనకు అప్పటికే చేతులు వణుకుడు, తాపీ పట్టరాదు. నాకు ఒళ్ళు మండింది. "ఆయన చేతులు మంచిగున్నప్పుడు ఏమన్నవ్?" అని అడిగిన. మా ఆయన నా దిక్కు చూసి "నువ్వు ఎక్కు" అన్నడు. జిందగీల తాపీ ముట్టనియ్యని మనిషి! కలిపి అందియ్యుడే నా పని, పూసుడు ఆయనది.

"ఆడమనిషి మినారు ఎక్కుడేంది?" అని కమిటీల లొల్లి. ఇమాం సాబ్ బయటికొచ్చి, "మీకు చేతగాదు, చేతనైనామెనన్న ఎక్కనియ్యుర్రి" అన్నడు.

ఎక్కెతందుకు బొంగులు కట్టిండ్రు. కొంగు నడుముకు చెక్కి ఎక్కిన. సిమెంటు చెక్కుడుకే పది దినాలు. నమాజు టైముకు దిగుడు, మల్ల ఎక్కుడు. ఇగ కొత్త రేకులకు గచ్చు పూస్తుంటె, కింద కుర్చీల కూసొని మా ఆయన ఒకటే అరుసుడు, "ఎక్కువైంది, తియ్! రేకు కాదది, దోస!" వచ్చెటోళ్ళు పోయెటోళ్ళు నవ్వుడు. తాపీ ఆయన మీదికే ఇసిరేద్దామనిపించింది.

నాలుగో రేకు అయినంక దిగిన. ఆయన లేసి, కండ్లకు చెయ్యి అడ్డం పెట్టి శానాసేపు చూసిండు. ఒక్క మంచి మాట అంటడేమోనని నిలబడ్డ. "ఎడమదాని అంచు జర మొద్దుగుంది" అన్నడు. అని, నా చేతుల సున్నం తన రుమాలుతోని తుడిచిండు. అందరి ముందట. పెండ్లయినకాన్నుంచి ఎన్నడు గట్ల చేయలే.

ఆయన పోయి మూడేండ్లాయె. రేకులున్నయ్. మిగిలిన గోడ మీద సిమెంటు అట్లనే ఉంది, ఎవ్వలకు ఫికర్ లేదు, నేనే పోయి పోయి మొత్తుకుంట... సరే, పొద్దుపోయింది, పో బిడ్డా. సల్లగుండు, మంచిగ సదువుకో. ఏయ్, తలుపు దగ్గరెయ్యి, మేకలొస్తయ్...