చార్టు వెనక కథ

రిటైరైన ఇంజినీరుగారు బీరువాలో చుట్టిపెట్టిన చార్టులన్నీ తీసి నేలమీద పరిచి, భార్యను కేకేశారు.

"నా నవల ప్లాను వెనకాల ఈ రాతలేమిటి?"

"నా కథండీ. ఖాళీగా కనిపిస్తే చెయ్యి ఊరుకోలేదు."

"మూడేళ్ళుగా గీస్తున్నాను! ఏ పాత్ర ఏ పేజీలో తుమ్మాలో కూడా వేసిపెట్టాను."

"ఇంతకీ ఒక్కడైనా తుమ్మాడా?"

"ముందు పునాది గట్టిపడాలి. నీలా ఎసరు పెట్టాక బియ్యం వెతుక్కోను."

"ముప్పై ఏళ్ళు అలాగే వండాను. ఒక్క పూటైనా పస్తున్నారా?"

"అది సరేగానీ, నీ కథలో ఈ పోస్టుమాను ఆ పెద్దావిడ ఉత్తరం నమిలి మింగేశాడేం?"

"చదివేశారా?"

"చదవలేదు, కళ్ళబడింది. పన్నెండో చార్టు దాకా కళ్ళబడింది."

"ఆ క్షణంలో వాడికేం తోచలేదండీ. నాకూ తోచలేదు. మింగేశాడు."

"మరి ఆవిడకి తెలిసిపోతుందా?"

"రాస్తేగానీ నాకూ తెలీదు."

"రాయవేం మరి? వాణ్ణి ఆవిడ మెట్ల మీద నిలబెట్టి వదిలేశావు, పాపం!"

"చార్టులు అయిపోయాయి."

"కొత్త కాగితాలు తెస్తానే."

"వద్దండీ. కొత్త కాగితం చూస్తే నాకు చెయ్యాడదు. వెనకాల మీ ప్లానుంటేనే ధైర్యం."

ఆయన కళ్ళజోడు సర్దుకుని, స్కేలు, పెన్సిలు దగ్గరికి లాక్కున్నారు.

"పది ప్లాన్లు గీస్తే చాలా?"

"వాడింకా మెట్లే దిగలేదు. ఇరవై గీయండి."