లడ్డు ఉపవాసం

వీరభద్రంలో ఒక సుగుణం ఉంది. తన ఇంట్లో జరిగిన గొప్పను తానొక్కడే దాచుకుని అనుభవించే స్వార్థం ఆయనకు బొత్తిగా లేదు. అందుకే ప్రతి శనివారం సాయంత్రం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఆయన ఇంటి వెనక పాటియో మీద నలుగురు చేరతారు. సగం ఆయన భార్య అనురాధ వేసే మిరపకాయ బజ్జీల కోసం, మిగతా సగం తన మాటల కోసం అని ఆయన నమ్మకం.

ఆ శనివారం ఆయన ఒళ్లో లడ్డు ఉంది. లడ్డు అంటే కూతురు తార పెంచుకుంటున్న బాల్ పైథాన్, మూడున్నర అడుగుల చిన్న జాతి కొండచిలువ. తార ఆస్టిన్‌లో కాలేజీలో చేరింది. డార్మ్‌లో పాముల్ని రానివ్వరు కాబట్టి నాన్నకు అప్పజెప్పి వెళ్లింది. ప్రతి ఆదివారం ఫోన్ చేసి ముందు అడిగేది ఒకటే, "లడ్డు తిన్నదా నాన్నా?" అని. "భేషుగ్గా తింటోందమ్మా" అంటాడు ఈయన. అది తిండి ముట్టి ఐదు నెలలైంది. వీపు మీద ఎముక గట్టులా తేలింది. ఆ సంగతి కూతురికి చెప్పే ధైర్యం లేక, ఊళ్లోవాళ్లకు వేరే రకంగా చెప్పుకుంటున్నాడు.

"ఐదు నెలలు! మంచినీళ్లు తప్ప ఇంకేం లేదు. వేరేవాళ్ల పాములు మహా అయితే రెణ్ణెల్లు ఉంటాయి. ఇది నా ట్రైనింగ్."

"నీ ట్రైనింగా? ఏకాదశి నాడు ఎనిమిది గంటలకే పకోడీలు అడుగుతావు కదన్నా!" అన్నాడు ఆఫీసు స్నేహితుడు శశికాంత్.

"నావల్ల కానిది దానిచేత చేయించానంటున్నా. నాగుల చవితినాడు మొదలైంది. మన కాలనీ ఆడవాళ్లు నలభై మంది వచ్చారు, గుడిదాకా డ్రైవ్ చేయడం ఎందుకు, ఇక్కడ నిజం పామే ఉంది గదా అని. పసుపు, కుంకుమ, చలిమిడి, హారతులు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లడ్డు పడగ విప్పింది!"

"పైథాన్‌కి పడగ ఉండదు కదా అంకుల్" అంది దేదీప్య. పక్క వీధిలో అద్దెకుంటూ ఎమ్మెస్ చదువుతున్న పిల్ల.

"ఉండదు గనకే మహిమ అంటున్నానమ్మా! ఉంటే అందరూ విప్పుతారు. ఆ రోజునుంచి మాంసం మానేసింది. గరాజ్ ఫ్రీజర్‌లో మునక్కాడల పక్కనుంచి ఎలుకని తీసి, వేణ్ణీళ్లలో మెత్తబరిచి పెట్టాను. తినలేదు. పాపం చలేస్తోందేమోనని దాని చుట్టూ చుట్టుకుని పడుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెల్లారేసరికి ఎలుక లేచి కూర్చుంది!"

"చచ్చిన ఎలుకా?"

"ఏడు నెలలు ఫ్రీజర్‌లో ఉన్న ఎలుక! మీసాలు సవరించుకుని, లడ్డుకి ఒక దండం పెట్టి, తన దారిన తాను పోయింది. మొన్న టోర్నడో సైరన్ మోగిందా, దానికి గంట ముందే ఇది తోకతో అద్దం మీద టకటకా కొట్టింది. వీధి వీధంతా లేపాను. ముప్పై రెండు ఇళ్లవాళ్లు మా బట్టల క్లోజెట్‌లో దాక్కున్నారు."

"అంతమందీ మీ క్లోజెట్‌లోనేనా?"

"ఇంకా చోటు మిగిలింది! అది చూసి పాముల డాక్టరు వచ్చి నా కాళ్లు పట్టుకున్నాడు, తనకి కూడా ఉపవాసం నేర్పమని. ఇదిగో, కావాలంటే చూడండి, ఇప్పుడు కూడా ధ్యానంలోనే ఉంది."

నిజమే. ఆయన అరచేతుల్లో లడ్డు ఉండలా చుట్టుకుపోయి ఉంది. తల ఎక్కడుందో కనబడటం లేదు. అందరూ వంగి చూశారు.

"నాన్నా, అది మెడిటేట్ చేయట్లేదు."

వీరభద్రం తిరిగి చూశాడు. గ్లాస్ డోర్ దగ్గర తార, భుజాన బ్యాగుతో. సోమవారం రావలసిన పిల్ల, ఫ్రెండ్ కారులో రెండు రోజులు ముందే వచ్చేసింది.

"భయం వేస్తే అలా బాల్ అవుతుంది. తల లోపల దాచుకుంటుంది. ప్రతి శనివారం ఇలా అందరికీ చూపిస్తున్నావా?"

శశికాంత్ బజ్జీ కొరకడం మానేశాడు.

"తింటోంది అన్నావు కదా నాకు."

"నువ్వు బెంగపడతావని..." ఆగిపోయాడు. ఆ మాటా పూర్తి నిజం కాదు. "నా చేతిలో చచ్చిపోతుందేమోనని భయం వేసిందమ్మా. అది పోతే ఆదివారం నువ్వు ఏమడగడానికి ఫోన్ చేస్తావు?"

తార బ్యాగు కింద పెట్టి, ఆయన పక్కన కూర్చుని, లడ్డుని తన చేతుల్లోకి తీసుకుంది. తర్వాత ఆయన భుజం మీద తల ఆనించి, "నిన్ను కూడా అడగొచ్చు కదా నాన్నా, తిన్నావా అని" అంది.

లడ్డు గాజుపెట్టెని హాల్లోంచి తార గదిలోకి మార్చారు. మూడు వైపులా తువ్వాళ్లు కప్పారు. ఎవరూ లడ్డుని బయటికి తీయకూడదు, ఎవరికీ చూపకూడదు అని తార షరతు పెట్టింది. సెలవులైపోయి తార వెళ్లాక కూడా ఆయన మాట తప్పలేదు. పదిహేడో రోజు పొద్దున చూస్తే పెట్టిన ఎలుక లేదు. లడ్డు నడుము దగ్గర లావుగా ఉంది. ఫోన్ చేసి, "తిన్నదమ్మా" అన్నాడు. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు.

శనివారం శశికాంత్ లడ్డు ఉపవాసం సంగతి అడిగాడు.

"తిన్నది. ఒకే ఒక్క ఎలుక" అన్నాడు వీరభద్రం బుద్ధిగా. టీ రెండు గుక్కలు తాగాడు. "కానీ ఎంత ఎలుకనుకున్నావ్? మన అనురాధ ప్రెషర్ కుక్కర్ ఉందా..."

పాముని దాని మానాన వదిలేయడం నేర్చుకున్నాడు. ఎలుకని ఎలుకంత చెప్పడం మాత్రం ఇంకా రాలేదు.