జ్వరం కాదు

ఎనభై నాలుగు ఎండాకాలం. అనంతపురం ఆసుపత్రిలో ఎడమచేతికి కట్టుతో పడుకున్న ఎకనామిక్స్ ప్రొఫెసరు మంచం దగ్గరికి, కరువు పనిలో భార్యను పోగొట్టుకున్న కూలి ఒకడు బెరుకుగా వచ్చాడు.

"నా ఓబులమ్మ సావు గురించి అడిగినందుకే మీ చెయ్యి ఇరగ్గొట్టినారంట సార్. మళ్లా ఫిడేలు వాయిస్తారా?"

"రెండు వేళ్లు ఇంక వంగవంట. కూర్చోప్పా."

"సోమవారం విచారణకు పోవద్దండి సార్. జరమొచ్చి సచ్చిపోయిందని నేను వేలిముద్ర వేసిచ్చినా."

ప్రొఫెసరు కుడిచేయి ఆనించి లేచి కూర్చున్నాడు.

"ఎవరొచ్చినారు?"

"ఆ కరువు పని కాంట్రాక్టరు మనుషులు. వేయకుంటే నా బిడ్డకు యాడా పని దొరకనీమన్నారు."

"ఆమె ఎన్ని దినాలు తినలేదు?"

"నాలుగు. ఉన్న సంగటి బిడ్డకే పెట్టింది."

"రాళ్లు కొడతా ఆమె పాడే పాట రాసుకుందామని పోయినా నేను ఆ పొద్దు. పాట నడుమనే నా కండ్ల ముందర కూలిపోయింది. అదే చెప్తా."

"నా వేలిముద్ర చూపించి మీదే అబద్ధమంటారు సార్."

"అననీ. ఆకలితో చనిపోయిందనే మాట ఒక్కసారన్నా ఆ కాగితాల్లో ఉండాల. నీ మీద నాకు కోపం లేదప్పా."

అతను లేచాడు. ఆయన తిట్టి ఉంటే గడప దాటడం తేలికయ్యేది.