తమంతట తామే దూకినవి

థాయ్‌లాండ్ ఈశాన్యాన ఒక పల్లె సంత. వేయించిన పురుగులమ్మే లమై కొట్టు వెనక సరుకు కడుగుతోంది. ఎదురుగా ఆ సరుకు తెచ్చిన ఖాంసింగ్, ఆమె చెల్లెలి మొగుడు.

"అది గడ్డివేరు కాదు, ఖాంసింగ్. గడ్డివేరు మెలికలు తిరగదు."

"నీళ్లు కదిలితే వేరైనా కదుల్తుంది వదినా."

"తొట్టి నేను కదపలేదు. చూడు, ఈ కీచురాయి వెనకనుంచి వస్తోంది... ఇంకా వస్తోంది... ఛీ! పురుగు వేలెడు లేదు, దాని కడుపులో జానెడు తాడు!"

"ఒక్కదాంట్లో ఉంటే తీసి పారేద్దాం."

"ఒక్కటా? ఆ మూల చూడు. తల దువ్వుకుని చిక్కు వెంట్రుకలు తొట్లో పడేసినట్టుంది. యాక్, వేలికి చుట్టుకుంది!"

"చేపల సాస్ చల్లి వేయిస్తే ఏం తెలుస్తుంది?"

"కొరికినవాడి పళ్లమధ్య వేలాడితే తెలుస్తుంది! ఎక్కడ పట్టావు వీటిని?"

"చెరుకుతోట కాలవ పక్కన."

"పక్కనా, లోపలా?"

"పక్కనే... లోపలే. వాటంతటవే వచ్చి దూకుతాయి వదినా. పొద్దుగుంకితే చాలు. జల్లెడతో ఎత్తుకోవడమే నా పని. పొలం కాచే తాత దేవుడు కరుణించాడని కోడిని కూడా నైవేద్యం పెట్టాం."

"ఈత రాని పురుగు నీళ్లలో దూకుతుంటే నీకు అనుమానం రాలేదూ?"

"వచ్చే సరుకును ఎందుకొచ్చావని అడుగుతామా?"

"అది రాలేదయ్యా, లోపలున్నది తోలుకొచ్చింది! కడుపులో కూచుని మేస్తుంది. పెద్దదయ్యాక దానికి నీళ్లు కావాలి. ఇక దీని బుర్ర చెడగొట్టి కాలవలోకి దూకిస్తుంది. తను మాత్రం బయటపడి ఈదుకుంటూ పోతుంది. గొల్లభామల్లో చూపించేది మా అమ్మ."

"అయితే అది పోయాక మిగిలింది మంచిదేగా?"

"థూ! నువ్వు తింటావా?"

"నాకు కీచురాళ్లు పడవు."

"పోయినేడు నా మూకుడు దగ్గర కూచుని గంపెడు తిన్నావు!"

"ఈమధ్యే పడట్లేదు."

"సరే విను. రేపు పండగ, పడవ పందేలు. రేపు రుచి చూసినవాళ్లే ఏడాది పొడుగునా నా బల్ల వెతుక్కుంటూ వస్తారు. ఒక్క నోట్లో ఒక్క తాడు కనబడిందా, పొయ్యి ఆర్పుకోవడమే. ఇదంతా పారబొయ్యి. సాయంత్రం పొలంలో పురుగుల్ని లాగే నీలం లైట్లు పెట్టి, తగిలి పడేలా ప్లాస్టిక్ పట్టా కట్టి, మంచివి పట్టుకురా."

"లైట్లా?"

"లైట్లే."

"అవి... లేవు."

"ఎవరికైనా అరువిచ్చారా?"

"అమ్మేశాం. వాటంతటవే దూకుతుంటే కరెంటు దండగని మీ చెల్లెలే..."

"ఎప్పుడు? నిన్నా?"

"వానలు మొదలైన కొత్తల్లో."

"ఆగు, ఆగు. మరి ఈ వానాకాలమంతా నాకు తెచ్చిందేమిటి?"

"అవి శుభ్రమైనవే వదినా! తెల్లారేదాకా కాలవలోనే ఉంచేవాణ్ణి. తాళ్లన్నీ అక్కడే దిగిపోయేవి. పండగ తొందరలో నిన్న దూకీ దూకగానే ఎత్తేశాను. అదే తప్పయింది."

"బడి పంతులమ్మలు... గుడికొచ్చే ముసలమ్మలు... అందరికీ నా చేత్తోనే పొట్లాలు కట్టి..."

"వదినా, బల్ల దగ్గర ఎవరో పిలుస్తున్నారు."

"గట్టిగా మాట్లాడకు. తొట్టి మీద గోనె కప్పు. ...రండమ్మా, రండి! ఇప్పుడే దించాను, కరకరలాడుతున్నాయి!"