కాయ కాసిన ఫొటో

“రోడ్డు పక్క పిచ్చిమొక్క పువ్వు, టీచరమ్మా! మన కంటికి ఉత్త పసుపు. అదే అతినీలలోహిత కాంతిలో తీశానా, మధ్యలో ఇంత నల్లటి గుండ్రటి మచ్చ! ‘తేనె ఇక్కడుంది, దిగండి’ అని తేనెటీగలకు పెట్టిన గుర్తన్నమాట.”

స్టూడియో మామ టీ కొట్టు బల్ల మీద రెండు ఫొటోలు పరిచాడు. ముప్ఫై ఏళ్లుగా పాస్‌పోర్టు ఫొటోలే తీసిన మనిషి. బడి గోడకు అడవిపూల ఫొటోలు కావాలని సైన్సు టీచరమ్మ వచ్చేసరికి, తన ఫొటో ఒక్కటైనా గోడెక్కాలని ప్రాణం కొట్టుకుంటోంది ఆయనకి.

“కష్టమా మామా?” అన్నాడు టీ కొట్టాయన.

“కష్టమా అంటావేంట్రా! ఆ కాంతి మనకందేదే చిటికెడు. నాలుగు నిమిషాలు పువ్వు కదలకూడదు. ఊపిరి బిగబట్టాను, నాలుగు కాస్తా నలభై అయ్యాయి, ఇంతలో గాలి లేచింది, ‘ఆగు’ అన్నాను, ఆగింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్క వీధిలో ఆరేసిన చీరలు ఎగిరినవి ఎగిరినట్టే బిగుసుకుపోయాయి. చెక్కల్లా మోసుకెళ్లి బీరువాలో నిలబెట్టుకున్నారు.”

“అబ్బో!”

“అప్పుడేనా! ఫొటో ఇంట్లో తగిలించానా, తేనెటీగలు కిటికీ దగ్గర వరస కట్టాయి. మా ఆవిడ కింద గిన్నె పెడితే పొద్దుటికి నిండా తేనె. మూడోరోజుకి ఫొటో కాయ కాసింది!”

“తిన్నావా?”

“గింజ నాటాను. ఏం మొలిచాయనుకున్నావ్? పాస్‌పోర్టు ఫొటోలు, గుత్తికి ఎనిమిది!”

టీ కొట్టాయన ఫొటో కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. “మామా, ఈ రేకు కరిగిందేంటి? పోయిన వారం నా స్టవ్ తగిలి కరిగిన ప్లాస్టిక్ పువ్వు కదూ ఇది? బల్లలన్నీ వెతుకుతున్నా!”

“మరి ఈ నలుపు?” అంది టీచరమ్మ.

“మా ఆవిడ కాటుక.” మామ గొంతు చిన్నబోయింది. “నిజం పువ్వులు రెండొందలసార్లు తీశానమ్మా. గాలికి అన్నీ మసకే.”

టీచరమ్మకి జాలేసింది. “మా బడి వెనక గోడ పక్కన గాలి తగలదు. పిచ్చిపూలు బోలెడు. రేపు కెమెరా తెచ్చుకోండి. కానీ మీ మాటల గాలి తగిలినా మసకే, పువ్వు ముందు నాలుగు నిమిషాలు నోరు మెదపకుండా ఉండాలి. ఉండగలరా?”

మామ మొహం వెలిగిపోయింది. “నాలుగేంటి టీచరమ్మా! ఒకసారి నోరు మూశానంటే పదకొండు రోజులు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“తెలుసు,” అంది టీచరమ్మ సంచి సర్దుకుంటూ. “పువ్వు కదిలింది.”