కోడలు తాగిన నీళ్లు

అట్ల ‘అంత మంచిగనే ఉన్నదమ్మా’ అని ఒక్క మాటల తేల్చేయకుండ్రి మేడం. జర మల్లొక్కసారి సూడుండ్రి. పెదవి సూసిన్రా? ముక్కు కింద, పెదవి పైన? నోట్ల అంగిలి? రెండు చేతుల ఏళ్లు లెక్కవెట్టిన్రా?

సదువుకున్ననా? అయ్యో, లేదు మేడం. సంతకం గూడ సక్కగ రాదు నాకు. కానీ ఏమేం సూడాలెనో ఎర్కనే. మా పని కాడ రోజూ గివే సూస్తరు. ఎలుక పిల్లలకు.

జర తలుపు దగ్గరకేస్త, ఏమనుకోకుండ్రి. అఖిల బయటనే కూసున్నది. ఇప్పుడు స్కాన్ తీసిన్రు కదా, ఆమెనే, నా కోడలు. ఐదో నెల. మీరు మంచిగున్నదనంగనే నా కొడుకు కుమార్ మిఠాయి తెస్తనని కిందికి ఉరికిండు. ఇద్దరి మొకాలు వెలుగుతున్నయ్. నేను కూసుంట జర.

కోకాపేట అవతల ఒక ల్యాబుల పనిచేస్త నేను. ఆరేండ్లాయె. గోలీలు, పొలాలకు కొట్టే పురుగుల మందులు, అవి బజార్లకు రాకముందు జంతువులకు ఇచ్చి సూస్తరండ్ల. నన్ను ఏసింది కడుపుతోని ఉన్న ఎలుకల కాడ. డబ్బాలు కడుగుత, కింద పరిచే పొట్టు మారుస్త, నీళ్ల సీసలు నింపుత. ఎలుకలను నాలుగు గుంపులు జేస్తరు. తెల్ల చీటీ గుంపుకు మందే ఉండది. ఇంకోదానికి జర్రంత, ఇంకోదానికి కొంచెం ఎక్కువ. ఎర్ర చీటీ గుంపుకు అన్నిట్లకంటే ఎక్కువ. సన్న గొట్టం పెట్టి కడుపులకు పోస్తరు, రోజూ. ఈననియ్యరు. రేపో మాపో ఈనుతదనంగ కోసి, పిల్లలను తీసి సూస్తరు.

నా బొటనవేలంత ఉంటయ్ మేడం. కండ్లు గూడ తెరవయి. కొన్నిటిని ఏదో మందుల నానవెడ్తరు, కండంత గాజులెక్క అయితది, లోపల ఎముకలు ఎర్రగ కనవడ్తయ్. ఒక్కొక్క ఎముక లెక్కవెట్టి రాసుకుంటరు. మొదట్ల నాకు అన్నం పోకపోయేది. మా సైంటిస్టు ప్రియదర్శిని మేడం అని, ఆంధ్రామె, శాన మంచిది, ఆమెనే నన్ను కూసోవెట్టి చెప్పింది. “ఎల్లమ్మగారూ, రేపు ఏ తల్లికీ ఈ కష్టం రాకూడదనే కదండీ మనం ముందే చూసుకునేది” అన్నది. గా మాట పట్టుకునే ఇన్నేండ్లు చేసిన.

ఆ, అసలు సంగతికే వస్తున్న. తొందరపెట్టకుండ్రి.

ఎండకాలం మా గోపన్‌పల్లి ఎట్లుంటదో ఎర్కనే కదా. పక్కనున్న అపార్టుమెంట్లకు ట్యాంకర్ మీద ట్యాంకర్. మా రేకుల రూములకు రెండు రోజులకొకటి. నీళ్లు పట్టి పెట్టుకోనీకి గిన్నెలు సాలయి. ల్యాబుల డబ్బాలు కడిగే సబ్బు వస్తది, పెద్ద క్యాన్లల్ల. ఖాళీ అయినంక తీస్కపొమ్మంటరు, అందరం తీస్కపోతం. నేనూ ఒకటి తెచ్చిన. తెల్లది, మందంగున్నది, మూత గట్టిది. దాని మీది చీటీ సగం చిరిగి ఉండె. సబ్బు క్యాన్ల నడుమనే ఉండె మేడం, నా కొడుకు మీద ఒట్టు! సర్ఫేసి, చింతపండేసి, మూడుసార్లు రుద్ది కడిగిన. గట్టిగున్నది కదా అని తాగే నీళ్లకు అదే పెట్టినం.

అప్పటికే అఖిల నీళ్లు పోసుకున్నదని మాకు తెల్వది. “అత్తమ్మా, నీళ్లు ఏందో ఒక తీర్గ వాసనొస్తున్నయ్” అన్నది ఒకనాడు. నెల తప్పిందని తెలిసినంక మల్లన్నది. నేనేమన్ననో ఎర్కనా? “నీకిప్పుడు అన్నీ వాసనే వస్తయ్ బిడ్డా” అని నవ్విన. ఆ పిల్ల గూడ నవ్వింది. నా మాట మీద గంత నమ్మకం.

మూడో నెల వడ్డది. ఒకనాడు పోచమ్మ పనికి రాలేదని, ఆమె తుడిచే రూముకు నన్ను పంపిన్రు. మందుల శాంపిళ్లు పెట్టే రూము. పోయి సూద్దును కదా, అరల మా ఇంట్లున్న క్యాన్ అసొంటివే మూడున్నయ్. అదే తెలుపు, అదే మూత. చీటీ మాత్రం నిండుగున్నది. చీటీ మీద పుర్రె బొమ్మ. నా క్యాన్ చీటీ ఆ బొమ్మ కాడికే చిరిగింది మేడం. పుర్రెకు సదువు కావాల్నా?

ఉరికిన ప్రియదర్శిని మేడం కాడికి. “శాంపిళ్ల రూముల ఆ తెల్ల క్యాన్లల్ల ఏం మందమ్మా?” అన్న.

“మన ఎలుకలకి ఇచ్చింది అదేనండీ. ఏం, ఎందుకు?”

గా ఎలుకలను కోసి వారం గూడ కాలే. ఎర్ర చీటీ పిల్లలను నేను సూసిన. కొన్నిటికి పెదవి చీలి ఉన్నది. నడుమ, గిట్ల. జర్రంత ఇచ్చిన గుంపు పిల్లలు మంచిగనే ఉన్నయ్.

“మనిషెవరన్న తాగితే ఎట్లమ్మా?” అన్న. ఆమె కుర్సీల నుంచి లేసి నిలవడ్డది. “ఎవరు తాగారు ఎల్లమ్మగారూ?”

ఎవలు తాగలే, ఊకనే అడిగిన అన్న.

అబద్ధం. చెప్తే ఆమె నన్ను కొడతదా? పని పోతదని భయమైంది, అవ్‌. దానికంటే ఎక్కువ... చెప్తే ఇగ నిజంగనే జరిగినట్టు అయిపోతదని భయమైంది. తెల్లారి క్యాన్‌ను కత్తితోని కోసి, పగిలిందని చెప్పి చెత్త బండిల ఏసిన. స్కాన్ దాక సూద్దాం, స్కాన్ల మంచిగుంటే ఎవలకు చెప్పేదే లేదని రెండు నెలలు నోరు కుట్టుకున్న. ఇగ స్కాన్ అయింది. మంచిగున్నదంటున్నరు. మరి నాకు నమ్మకం ఎందుకు కుదురుతలేదు?

మూడుసార్లు కడిగినవు కదా, ఏమన్న మిగిలినా శాన తక్కువుంటదంటరా? కావచ్చు. కానీ మీరు పెన్ను కింద పెట్టిన్రు మేడం. నేను సూసిన. ఒక్కటి చెప్పుండ్రి. మా అఖిల ఏ చీటీ? తెల్లదా, ఎర్రదా?

ఈ మిషన్ల కనవడనియి గూడ ఉంటయా? ...ఉంటయా.

మందు పేరా? నాకేం తెలుస్తది? ప్రియదర్శిని మేడంను అడగాలె. ఇగో ఫోను, అండ్ల ఆమె నంబరున్నది, మీరే చేయుండ్రి. పని పోతే పోనీ. మీరే మాట్లాడుండ్రి.

అఖిలకు చెప్పాల్నా? అవ్‌, రక్తం తీయాలంటే చెప్పాలె. ఆమెకు తెల్వాలె. ఆగుండ్రి, పిలువకుండ్రి ఇంకా. ఒక్కటి మిగిలింది. దేవునికి గూడ చెప్పలే ఇది.

తెల్లారి క్యాన్ కోసిన అన్న కదా. తెల్లారి. మరి ఆ దినం మాపటీలి? ఇంటికి పోంగనే వంపేస్త అనుకుంటనే నడిచిన. అఖిల గడపల కూసోని ఉండె. నన్ను సూడంగనే లేసి, “ఎండల వడి వచ్చినవ్ అత్తమ్మా” అని ఆ క్యాన్ల నుంచి రెండు గిలాసలు నింపింది. ఒకటి నాకిచ్చింది, ఒకటి తను తీసుకున్నది.

నాకు దూప లేదన్న. గిలాస చేతుల పట్టుకోని కూసున్న. ఆ పిల్ల నా ముంగటనే గటగట తాగింది. తాగకు బిడ్డా అనలే. చెయ్యి పట్టలే. మూతి తుడుసుకున్నదాక సూసుకుంట కూసున్న.

ఆమె లోపలికి పోయినంక, నా గిలాస వాకిట్ల వంపేసిన.

నా పానం నాకు తీపైంది మేడం. యాభై రెండేండ్ల పానం.

ఇగ పిలువుండ్రి.