అడ్డపొగ

ఏక్‌బాల్‌పూర్‌లో మునిసిపాలిటీ వాళ్ళ క్వార్టర్స్. ఆస్పత్రి నుంచి ఆటోలో ఇంటికొచ్చిన తల్లి మంచం మీద ఒరిగింది. కొడుకు జేబులోంచి చుట్ట తీశాడు.

"ఏట్రా అది?"

"సుట్టేనమ్మా. మన సిక్కోలు పొగాకే. ఖిదిర్‌పూర్ బజారంతా తిరిగి తెచ్చినాను."

"నువ్వా! అడ్డపొగ తాగితే బెంగాలీవోళ్ళు నవ్వుతారని నా సుట్టలన్నీ మురుక్కాలవలో పారేసినోడివి నువ్వు కాదేటి?"

"నానే పారేసినాను."

"నిప్పున్న కొస నోట్లో ఎట్టుకోడమేటి, మనుసులు తాగినట్టు తాగమని సిగరెట్లు కొనిచ్చినావు. గడ్డి నమిలినట్టున్నాయి."

"ఇంక నీకు నచ్చినట్టే తాగమ్మా. ఎవురి రుసి ఆళ్ళది."

"ఈ మాట ఎప్పుడు నేర్సినావురా?"

"ఊరికే అన్నాను."

"నన్ను బయట కూకోబెట్టి డాక్టర్‌బాబు నీతో ఏటన్నాడు?"

"ఏటీ నేదు. ఇంక మళ్ళీ రానక్కర్నేదన్నాడు."

"సుట్ట మానమన్నాడా?"

"అననేదు."

"అంగిట్లో ఇంత పుండెట్టుకుంటే మానమననేదా?"

"నువ్వేది అడిగితే అది ఇమ్మన్నాడమ్మా."

"ఓహో."

"ఎలిగించమంటావా?"

"ఎలిగించు. అయితే ముందు ఓపాలి తిట్టరా, నాయనా. రోజూ తిట్టినట్టే తిట్టు."

కొడుకు తిట్టలేదు. చుట్ట వెలిగించి, వెనక్కి తిప్పి, నిప్పున్న వైపే ఆమె నోటికి అందించాడు.